ఆనందం కలిగితే ఈ బటన్ నొక్కండి

ఈ భవనంలో ఇకమీదట ఎవరికీ ఏ బాధా లేదని మానసికోల్లాస శాఖ మంత్రిగారు పత్రికలవాళ్ళను పిలిచి మరీ ప్రకటించారు. ప్రకటన తక్షణం అమల్లోకి వచ్చింది. పంటి నొప్పితో పొద్దుటి నుంచి దవడ పట్టుకు కూర్చున్న గేటు జవాను, చెయ్యి దించేసి సెల్యూట్ కొట్టాడు.

"బాధను తొలగించడం పాత పద్ధతి," అన్నారు మంత్రిగారు మైకులో. "బాధ అనే మాటనే తొలగించడం మన పద్ధతి. ఇబ్బంది, సమస్య, ఫిర్యాదు, ఇలాంటి మాటలు ఈ గోడల మధ్య ఎవరూ వాడరాదు. ఫిర్యాదుల విభాగాన్ని ఈ క్షణం నుంచి కృతజ్ఞతల విభాగంగా మారుస్తున్నాను. బోర్డు కూడా రెడీ!"

బోర్డు రెడీగానే ఉంది. మంత్రిగారు దానిమీది గుడ్డ లాగగానే గుడ్డతోపాటు బోర్డు కూడా ఊడి కిందపడింది. ఒక్కరూ అయ్యో అనలేదు. అనకూడదు కదా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మొదలుపెట్టింది మంత్రిగారి పీయే.

మంత్రిగారు ఇదంతా గాల్లోంచి పుట్టించారని అనుకుంటే పొరపాటు. దీని వెనక పాజిటివ్ సైకాలజీ అనే శాస్త్రం ఉంది. రోజూ మూడు మంచి విషయాలు తలుచుకోవాలి. తినేది ఏదైనా నెమ్మదిగా ఆస్వాదించి తినాలి. కళ్ళు మూసుకుని, అన్నీ కలిసొస్తే రేపు మన బతుకు ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. మనిషి తనంతట తాను చేసుకుంటే ఇవన్నీ మనసుకు మేలు చేసేవే. మనిషికి ఆ శ్రమ కూడా ఎందుకని మంత్రిగారు సర్క్యులర్ జారీ చేశారు. చెయ్యనివాళ్ళకి మెమో ఇస్తారు.

అసలు మంత్రిగారు ఈ శాఖను కోరుకోలేదు. ఆయన ప్రాణమంతా రోడ్ల శాఖ మీదే. కిందటేడు మంత్రుల మీటింగులో రోడ్లు తనకే కావాలని బల్ల గుద్దితే మంచినీళ్ళ గ్లాసు ఎగిరి, ప్రభుత్వాన్నీ పార్టీనీ ఒంటిచేత్తో నడిపే పెద్దాయన ఒళ్ళో పడింది. పెద్దాయన చొక్కా దులుపుకుని, "నీకు కావాల్సింది రోడ్లు కాదోయ్, మనశ్శాంతి," అని అప్పటికప్పుడు ఒక శాఖ పుట్టించి మంత్రిగారి చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచి మంత్రిగారు అగ్గిమీద గుగ్గిలంలా ఉంటూనే దేశానికి మనశ్శాంతి పంచుతున్నారు.

మంత్రి ఎక్కడుంటే పీయే అక్కడ. రోడ్ల శాఖలో పీయే గదికి కిటికీ ఉంటుంది. కిటికీ బయట కాంట్రాక్టర్లు వినయంగా నిలబడి ఉంటారు. మానసికోల్లాస శాఖలో పీయే గది నిన్నమొన్నటిదాకా చీపుళ్ళు దాచుకున్న గది. చీపుళ్ళు వెళ్ళిపోయాయి గానీ దుమ్ము వెళ్ళలేదు. కాబట్టి మంత్రిగారికి రోడ్లు రావాలని మంత్రిగారి తర్వాత అంత గట్టిగా కోరుకుంటున్న మనిషి ఈ భూమ్మీద పీయే ఒక్కడే.

వ్యాయామాలు చేయించడానికి ఒక ఆనంద నిపుణుణ్ణి రప్పించారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. ఆయన వచ్చీ రాగానే గేటు దగ్గర ఒక బుట్ట పెట్టించాడు. మనసు నిలవాలంటే ఫోన్లు అందులో పడేసి లోపలికి రావాలి. తర్వాత అందర్నీ హాల్లో కూర్చోబెట్టి తలా ఒక బిస్కెట్ ఇచ్చి, అది నోట్లో తనంతట తాను కరిగిపోయేదాకా కళ్ళు మూసుకోమన్నాడు. మంత్రిగారు తన బిస్కెట్ ఒక్క గుటకలో మింగేసి, పక్కనున్న పీయే బిస్కెట్ కూడా మింగేసి, "తర్వాతేమిటి?" అన్నారు.

తర్వాత మూడు మంచి మాటలు. రోజూ పొద్దున్నే ఒక ఉద్యోగి లేచి మూడు చెప్పాలి. మొదటి రోజు వంతు ఆ భవనానికి కరెంటు, లిఫ్టు చూసుకునే ఇంజనీరమ్మది. ఈవిడ పీయేకి స్వయానా భార్య. లిఫ్టు మోటారు మార్చమని ఏడాదిగా ఫిర్యాదు పెడుతూ ఉంది. ఇప్పుడు ఫిర్యాదుల విభాగమే లేకపోవడంతో ఆవిడ లేచి నిలబడి గొంతు సవరించుకుంది.

"మన లిఫ్టు తాడు ఇంకా తెగలేదు. అందుకు కృతజ్ఞతలు. నిన్న రెండు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయినప్పుడు లోపల ఎవరూ లేరు. అందుకు మరీ మరీ కృతజ్ఞతలు. ఈసారి ఆగినప్పుడు లోపల ఎవరున్నా, వాళ్ళు గుండె దిటవున్న మనుషులే అయ్యుంటారని నా నమ్మకం."

హాలు చప్పట్లతో మారుమోగింది. ఎంత సానుకూల దృక్పథం అని నిపుణుడు కళ్ళొత్తుకున్నాడు. మంత్రిగారు స్వయంగా వచ్చి ఆవిడకి చిరునవ్వు బ్యాడ్జి ఇచ్చారు. ఆవిడ దాన్ని పనిముట్ల సంచికి తగిలించుకుంది.

ఇక గంట సంగతి. ఎవరికైనా ఆనందం కలిగితే గంట కొట్టాలనీ, అది వినగానే అందరూ చేస్తున్న పని ఆపి చప్పట్లు కొట్టాలనీ సర్క్యులర్లో ఉంది. గంట మాత్రం లేదు. కొనాలంటే టెండర్ పిలవాలి. అప్పుడు పీయే బుర్రలో దీపం వెలిగింది. లిఫ్టులో ఎర్ర బటన్ ఒకటి ఉంది. నొక్కితే, కరెంటు లేకపోయినా బ్యాటరీ మీద అన్ని అంతస్తుల్లోనూ ఖణఖణమని మోగుతుంది. ఇంత మంచి గంట ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉందే అని పీయే ప్రాణం ఉసూరుమంది. వెంటనే బటన్ కింద పసుప్పచ్చ స్టిక్కర్ అంటించాడు: 'ఆనందం కలిగితే ఈ బటన్ నొక్కండి.' పైసా ఖర్చు లేకుండా ఆనందం అని మర్నాడు మంత్రిగారి ఫోటోతో పేపర్లో వచ్చింది. ఆలోచన మంత్రిగారిదేనని రాశారు. పీయే ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు.

ఆ పొద్దున ఇంట్లో, పీయే బూట్లు తొడుక్కుంటుంటే భార్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, లిఫ్టులో ఆ గంట ఎందుకు పెడతారో తెలుసా మీకు?"

"ఎందుకు తెలీదు? లిఫ్టు ఆగిపోతే లోపలున్నవాళ్ళు నొక్కడానికి."

"మరి?"

"ఆగిపోతుందనుకోవడమే నెగెటివ్ థింకింగ్ అన్నారు సారు."

"మీ సారు అనుకోకపోయినా ఆగుతుంది. ఆ మోటారు నాకన్నా వయసులో పెద్దది!"

"అదే మాట కాస్త పాజిటివ్‌గా చెప్పు చూద్దాం."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "నేను మోటారుకన్నా చిన్నదాన్ని."

"చూశావా, మొహం ఎలా వెలిగిపోయిందో!" అన్నాడు పీయే. ఆవిడ టిఫిన్ డబ్బా ఆయన చేతిలో కొంచెం గట్టిగానే పెట్టింది.

గంట బ్రహ్మాండంగా పనిచేసింది. సెలవు మంజూరైనవాడు వెళ్ళి నొక్కాడు. ప్రమోషన్ వచ్చినవాడు నొక్కాడు. సూపరింటెండెంటు బదిలీ అయిన రోజు లిఫ్టు ముందు క్యూ కట్టారు. సూపరింటెండెంటు కూడా ఆ క్యూలో నిలబడ్డాడు. కొద్ది రోజుల్లోనే భవనమంతటికీ అలవాటైపోయింది. గంట మోగితే చేతులు వాటంతటవే లేస్తాయి, ఎందుకు మోగిందని ఎవరూ అడగరు.

అంతలో మంత్రుల శాఖలు మారుస్తున్నారన్న కబురు వచ్చింది. పెద్దాయన స్వయంగా ఈ భవనం పై అంతస్తు హాల్లోనే కూర్చుని ప్రకటిస్తారట. రోడ్లు ఈసారి మన మంత్రిగారికే అని పెద్దాయన డ్రైవరు చెప్పినట్టు చేపల శాఖ మంత్రిగారి డ్రైవరు మన డ్రైవరుకి చెప్పాడు. ఇంతకన్నా గట్టి సమాచారం ఎక్కడ దొరుకుతుంది? మంత్రిగారు గంజిపెట్టిన కొత్త చొక్కా వేసుకున్నారు. పీయే పాత గదికి తాళం వేసేసి తాళంచెవి చీపుళ్ళవాడికి ఇచ్చేశాడు.

పెద్దాయన అనుకున్నదానికన్నా ముందే వచ్చి పైకి వెళ్ళిపోయారు. మంత్రిగారూ పీయే ఫోన్లు బుట్టలో పడేసి ఆదరాబాదరా లిఫ్టెక్కారు. మంత్రిగారు అద్దంలో మీసం సవరించుకుంటూ "రోడ్లు," అన్నారు.

"రోడ్లే సార్," అన్నాడు పీయే.

లిఫ్టు పెద్దగా మూలిగి ఆగిపోయింది.

"ఏమైందయ్యా?"

పీయే నోట్లోంచి ఆగిపోయింది అనే మాట రాబోయి ఆగిపోయింది. "కాసేపు నిలకడగా ఉంది సార్."

"పైన పెద్దాయన పేర్లు చదువుతుంటే నిలకడేమిటయ్యా, గంట కొట్టు!"

పీయే ఎర్ర బటన్ నొక్కాడు. భవనమంతా ఖణఖణలాడింది. మరుక్షణం అన్ని అంతస్తుల నుంచీ చప్పట్లు వినిపించాయి. మంత్రిగారి మొహం విప్పారింది.

"విన్నారు. వచ్చేస్తున్నారు!"

చప్పట్లు ఆగాయి. టైపు చప్పుళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరూ రాలేదు.

"మళ్ళీ నొక్కు."

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ చప్పట్లు. ఈసారి ఎవరో ఈల కూడా వేశారు.

"ఎందుకయ్యా కొడుతున్నారు ఆ చప్పట్లు?"

"మన సర్క్యులర్ సార్."

మంత్రిగారికి అప్పుడు అర్థమైంది. ఆయన కళ్ళు నెమ్మదిగా పసుప్పచ్చ స్టిక్కర్ మీద వాలాయి. "ఈ దిక్కుమాలిన ఆలోచన ఎవరిది?"

పీయే పై ప్రాణాలు పైనే పోయాయి. "మీదే సార్. పేపర్లో అలాగే వచ్చింది."

మంత్రిగారు పీయేని ఎగాదిగా చూశారు. "ఫోటో మాత్రం బాగా వేశారు," అన్నారు. తర్వాత రెండు చేతులతో తలుపు బాదుతూ గొంతు చించుకుని అరిచారు. "తలుపు తెరవండి!"

బయట ఎక్కడో పైనుంచి ఆనంద నిపుణుడి గొంతు వినిపించింది. "విన్నారా? మంత్రిగారు ఏమంటున్నారో విన్నారా? తలుపు తెరవండి అంటున్నారు! మనసు తలుపులు! అందరూ నాతోపాటు అనండి!"

"తలుపు తెరవండి!" అని వరండాలు దద్దరిల్లాయి.

"తెరవాల్సింది మీర్రా!" అని లోపల్నుంచి మంత్రిగారు.

"తెరవాల్సింది మనమే!" అని బయట్నుంచి సిబ్బంది.

మంత్రిగారు నోరు మూసుకున్నారు. ఆయన మంత్రి అయ్యాక ఆయన మాట జనం ఇంత శ్రద్ధగా అందుకోవడం ఇదే మొదటిసారి.

లోపల ఉక్క మొదలైంది. కొత్త చొక్కా గంజి వదిలేసి ఒంటికి అంటుకుపోయింది. మంత్రిగారి మొహం చూస్తే పీయేకి భయమేసింది. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, "సార్, పోనీ మూడు మంచి విషయాలు చెప్పుకుందామా?" అన్నాడు.

"చెప్పు. నువ్వే చెప్పు."

"ఒకటి, లైటు వెలుగుతోంది సార్."

లైటు ఆరిపోయింది.

"రెండు?" అన్నారు మంత్రిగారు చీకట్లోంచి.

"చీకట్లో స్టిక్కర్ కనబడదు సార్."

మంత్రిగారికి నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. పీయేకీ వచ్చింది. ఇద్దరూ కింద చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వారు. బయట నిపుణుడు ఆ నవ్వు విని తన జన్మ ధన్యమైందని అందరితో అన్నాడు. ఆ మాట కూడా లోపలికి వినిపించింది. దాంతో మంత్రిగారి నవ్వు ఆగిపోయింది.

"ఇంకో వ్యాయామం ఉంది కదయ్యా, కళ్ళు మూసుకుని రేపు ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. అది చేద్దాం."

చీకట్లో ఆయన గొంతు మెత్తబడింది. "నల్లటి తారు రోడ్డు. ఇంకా వేడిగా ఉంది. రెండు వైపులా జనం. అటు చివర నేను, నా చేతిలో కత్తెర, ఎదురుగా రిబ్బను. నీకు తెలీదు, రోడ్డేస్తే కనబడుతుందయ్యా. జనం దానిమీద నడుస్తారు. గుంతలు పడితే నన్ను తిడతారు, అప్పుడు కూడా నా పేరు పెట్టే తిడతారు! ఆనందం వేస్తే ఎక్కడ కనబడుతుంది చెప్పు? దానికి శంకుస్థాపన ఎక్కడ చెయ్యను? ఏడాది నుంచి ఒక్క రిబ్బను కత్తిరించలేదు నేను. మొన్న ఇంట్లో మా ఆవిడ పాల ప్యాకెట్ కత్తిరిస్తుంటే కత్తెర లాక్కున్నాను."

పీయేకి నిజంగానే బాధేసింది. మాట నిషేధంలో ఉన్నా బాధేసింది. తనకు రావాల్సిన కిటికీ కూడా ఆ చీకట్లోనే ఎక్కడో ఉంది. టిఫిన్ డబ్బా సంచిలోంచి, నిపుణుడి దగ్గర అడిగి తెచ్చుకున్న బిస్కెట్ ప్యాకెట్ తీసి ఒకటి అందించాడు. మంత్రిగారు దాన్ని ఒక్క గుటకలో మింగి పొలమారి దగ్గారు.

అప్పుడు వినిపించింది పైనుంచి పెద్దాయన గొంతు. "ఏమిటోయ్ అది, ఇందాకట్నుంచి గంట?"

"మా మంత్రిగారి ఆనందం సార్," అంటున్నాడు నిపుణుడు. "ఎంత ఆనందంగా ఉంటే అన్నిసార్లు నొక్కుతారు."

మంత్రిగారు స్ప్రింగులా లేచారు. "పెద్దాయన! ఆయనకి అర్థమవుతుంది! తప్పుకో!"

"వద్దు సార్! ఎంత నొక్కితే అంత..."

పీయే మాట పూర్తికాలేదు. మంత్రిగారు తన భారీకాయం మొత్తం ఆ ఎర్ర బటన్ మీద మోపారు. గంట ఆగకుండా మోగింది. చప్పట్లు కూడా ఆగకుండా మోగాయి. చెవులు చిల్లులు పడుతున్నా మంత్రిగారు కదల్లేదు. పీయే చెవులు మూసుకుని, తన కిటికీ రెక్క ఒక్కొక్క అంగుళమే మూసుకుపోవడం చూస్తూ ఉండిపోయాడు.

ఎప్పటికో లిఫ్టు ఉలిక్కిపడింది. జానెడు లేచింది. ఆగింది. మళ్ళీ జానెడు లేచింది. అలా ఆయాసపడుతూ పై అంతస్తు చేరాక తలుపులు తెరుచుకున్నాయి.

ఎదురుగా పెద్దాయన. పక్కన చేపల మంత్రి, నిపుణుడు. వెనక కెమెరాలు. అటూ ఇటూ వరసలు కట్టిన సిబ్బంది అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొడుతున్నారు. మంత్రిగారు తడిసి ముద్దయి, జుట్టు రేగి, కళ్ళనీళ్ళతో బయటికి అడుగుపెట్టారు.

"ఆనందబాష్పాలు!" అన్నాడు నిపుణుడు.

పక్కనున్న మెట్ల మీదుగా, మోటారు గదిలోంచి ఇంజనీరమ్మ దిగి వచ్చింది. చేతులనిండా గ్రీజు. కరెంటు పోయినా లిఫ్టును చేత్తో పైకి లాగే ఇనప చక్రం ఒకటి ఆ గదిలో ఉంటుంది. ఆవిడ మొగుడి పక్కన నిలబడి మెల్లగా చెప్పింది. "ఈ బిల్డింగులో అంతసేపు సంతోషంగా ఉండగలిగేవాళ్ళు ఎవరా అని ఆలోచించాను. ఒక్కరూ తట్టలేదండీ. అందుకే పైకి పరిగెత్తాను."

పెద్దాయన మంత్రిగారిని కావలించుకున్నారు. "ఏమోయ్, ఏమైనా ఇబ్బందిగా ఉందా ఇక్కడ?"

కెమెరాలన్నీ మంత్రిగారి వైపు తిరిగాయి. పెద్దాయన తల వెనక గోడ మీద, ఇబ్బంది అనే మాట వాడరాదని మంత్రిగారి సంతకంతోనే పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. మంత్రిగారు నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు.

"ఏ ఇబ్బందీ లేదు సార్."

"తెలుస్తూనే ఉంది!" పెద్దాయన ఆయన వీపు తట్టారు. "రోడ్లు నీకే ఇద్దామనుకున్నానోయ్. ఒట్టు. కాగితం మీద నీ పేరే రాశాను. కానీ ఆ గంట విన్నాక నా చెయ్యి ఆడలేదు. ఇంత ఆనందంగా ఉన్నవాణ్ణి ఎలా కదిలిస్తాను? పాపం తగుల్తుంది. రోడ్లు మన చేపల తమ్ముడికి ఇచ్చేశాను. నువ్విక్కడే ఉండు. నేనున్నంత కాలం ఇక్కడే ఉండు!"

అందరూ చప్పట్లు కొట్టారు. చీపుళ్ళవాడు కిక్కురుమనకుండా వచ్చి పీయే చేతిలో తాళంచెవి పెట్టి వెళ్ళాడు.

ఇంతలో కరెంటు వచ్చింది. లిఫ్టు ఏమీ ఎరగనట్టు మిలమిలా వెలిగింది. పెద్దాయన అందులోకి తొంగిచూశారు. "ఇందులోనేనా అంత ఆనందం? పదండి, మనమూ చూద్దాం."

ఇంజనీరమ్మ గబగబా అడ్డం వచ్చింది. "సార్, ఆ లిఫ్టు..."

"పాజిటివ్‌గా, పాజిటివ్‌గా," అన్నాడు నిపుణుడు చిరునవ్వుతో.

ఆవిడ మెట్ల వైపు చెయ్యి చూపించింది. "మెట్లు చాలా బాగున్నాయి సార్. ఇంత మంచి మెట్లు నేనెక్కడా చూడలేదు. దయచేసి మెట్లు చూడండి సార్!"

"మంచి అమ్మాయి," అన్నారు పెద్దాయన. "మెట్లను కూడా ప్రేమిస్తోంది." ఆయన, కొత్త రోడ్ల మంత్రి, ఆనంద నిపుణుడు ముగ్గురూ లిఫ్టెక్కారు. తలుపులు మూసుకున్నాయి. కాసేపటికి కిందెక్కడో పెద్ద మూలుగు వినిపించింది.

తర్వాత గంట మోగింది.

సిబ్బంది చేతులు వాటంతటవే లేచాయి. కానీ ఈసారి అందరూ మంత్రిగారి మొహంలోకి చూశారు. పీయే కూడా చూశాడు. ఇంజనీరమ్మ అప్పటికే రెండు మెట్లెక్కి, మోటారు గది వైపు తిరిగి, "చక్రం తిప్పనా సార్?" అని అడిగింది.

మంత్రిగారు నెమ్మదిగా వెళ్ళి ఆ మంచి మెట్ల మీద కూర్చున్నారు. పీయే వైపు చెయ్యి చాపారు.

"బిస్కెట్లు ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. ఒకటి తీసుకున్నారు. కింద గంట ఆగకుండా మోగుతోంది. "కొట్టండయ్యా చప్పట్లు," అన్నారు సిబ్బందితో, చాలా ప్రశాంతంగా. "పాపం, ఎంత ఆనందంగా ఉన్నారో."

భవనమంతా చప్పట్లతో మారుమోగింది. మంత్రిగారు బిస్కెట్ నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నిపుణుడు చెప్పినట్టే, అది తనంతట తాను కరిగిపోయేదాకా ఆగారు. తర్వాత కళ్ళు తెరవకుండానే మళ్ళీ చెయ్యి చాపారు.

"ఇంకోటి ఇవ్వవయ్యా. తొందరేం లేదు."